లో కీ (కింది స్థాయి) మౌత్ ఆర్గాన్‌లలో మొదట ఏది కొనాలి?

ప్రశ్న: నా దగ్గర పది రంధ్రాల డయాటోనిక్ (ఒకే కీ స్వరాలు పలికే) మౌత్ ఆర్గాన్‌లు సి, డి కీలలో రెండున్నాయి. మిత్రుడు గిటార్ వాయిస్తూ పాడుతుంటే పక్కన వాయిస్తుంటాను. అతను ఎక్కువగా ఎ కీలో, అప్పుడప్పుడు జి కీలో పాడతాడు. నేను పై రంధ్రాలకు వెళ్లేసరికి వాద్యం కీచుమంటోంది. దుకాణంలో లో ఎఫ్, లో డి, లో సి (అదే పేరు గల మామూలు వాద్యం కంటే ఒక స్థాయి కింద పలికేవి) చూపించారు. ప్రస్తుతానికి ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీకు పనికొచ్చేది లో డి. ఎంత కింది స్థాయి కావాలన్న ప్రశ్నతో మొదలుపెడితే ఈ ఎంపిక ఎప్పటికీ తేలదు. మీ గాయకుడు ఏ కీలో పాడతాడు, మీరు ఏ పొజిషన్‌లో వాయిస్తారు అన్న రెండు సంగతులు ముందు తేల్చుకుంటే జవాబు దానంతట అదే వస్తుంది. ఎ కీ పాటలకు మీరు డి వాద్యాన్ని సెకండ్ పొజిషన్‌లో, అంటే రెండో రంధ్రాన్ని పీల్చినప్పుడు పలికే స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని వాయిస్తున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. మామూలు డి వాద్యంలో ఆ స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, లో డిలో సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగి 220 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. రంధ్రాల అమరిక మారదు కనుక మీరు ఇప్పటిదాకా నేర్చుకున్నదేదీ వృథా కాదు. జి కీ పాటలకు మీ సి వాద్యంతోనే కొంతకాలం సరిపెట్టుకోండి. వాటికి జోడీగా లో సి తరువాత ఎప్పుడైనా కొనవచ్చు.

లో ఎఫ్‌ను మొదటి లో కీగా తీసుకోమని చెప్పేవారు చాలామందే ఉన్నారు. మామూలు కీలలో అన్నిటికంటే కిందిదైన జి వాద్యం 196 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, లో ఎఫ్ దానికి ఒక్క స్వరం కింద, సుమారు 175 దగ్గర మొదలవుతుంది కాబట్టి చేతికి త్వరగా అలవాటవుతుందన్నది వారి వాదన, అందులో అబద్ధమేమీ లేదు. అయితే సెకండ్ పొజిషన్‌లో లో ఎఫ్ ఇచ్చేది సి కీ. మీ మిత్రుడు ఒకటో శ్రుతిలో, అంటే సి కీలో, పాడేవాడైతే నేనూ దాన్నే చెప్పేవాణ్ణి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: పెట్టె మీద ఉత్త ఎఫ్ అని ఉంటే అది 349 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యే, మామూలు కీలలోకెల్లా కీచుగా ఉండే వాద్యాలలో ఒకటి. లో అన్న గుర్తు ఉన్నదో లేదో చూడకుండా డబ్బు కట్టవద్దు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. డయాటోనిక్ వాద్యం పుట్టుకతోనే శంకరాభరణ మేళంలో ఉంటుంది, దాని పంచమాన్ని షడ్జమం చేసుకుంటే గ్రహభేదం వల్ల హరికాంభోజి స్వరాలు వస్తాయి. అందుకే సెకండ్ పొజిషన్‌లో మీకు సహజంగా దొరికేది కైశికి నిషాదమే (కాకలి నిషాదం కంటే అర స్వరం కిందిది). రెండో రంధ్రం నుంచి ఆరో రంధ్రం దాకా షడ్జమం నుంచి పై షడ్జమానికి ఎక్కేటప్పుడు రిషభం ఒక్కటే లేదు, దాన్ని మూడో రంధ్రం పీల్చి ఒక పూర్తి స్వరం కిందికి బెండ్ చేసి, అంటే నోటిలోపలి ఆకారం మార్చి స్వరాన్ని వంచి, రాబట్టాలి. డి వాద్యం మీద ఈ బెండ్ మీకు వచ్చినా లో డి మీద మొదట్లో రాదు. నాలుక మొదలును బాగా వెనక్కి, కిందికి దింపి నోటిలో ఎక్కువ ఖాళీ చేస్తే తప్ప ఆ పొడవాటి రీడు (కంపించి స్వరం పలికే సన్నని లోహపు రేకు) వంగదు. పాటలో కాకలి నిషాదం తప్పనిసరి అయితే సెకండ్ పొజిషన్‌తో కుస్తీ పట్టకుండా మామూలు ఎ వాద్యాన్ని నాలుగో రంధ్రం ఊది మొదలుపెట్టి వాయించుకోవడమే మేలు.

చివరిగా, లో డి కీచుమనదు గాని పురుష గాత్రం తిరిగే చోటే అదీ తిరుగుతుంది. అతను పాడుతున్నంతసేపు మీరూ స్వరాలు పలికిస్తే సాహిత్యం వినబడదు, కనుక పంక్తికీ పంక్తికీ మధ్య ఉన్న చోటును వాడుకోండి.

ప్రశ్న: కొత్తగా లో సి కొన్నాను. ఒకటి, రెండు రంధ్రాలు పీల్చినప్పుడు ఒక్కోసారి స్వరమే రాదు, ఒక్కోసారి గరగరమంటుంది. వాద్యం లోపమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలావరకు ఊపిరి జోరే కారణం అవుతుంది. లో సి మొదటి రంధ్రం 131 హెర్ట్జ్ దగ్గర పలకాలి. అంత నెమ్మదిగా కంపించడానికి రీడు కొన మీద అదనపు బరువు ఉంచుతారు. బరువైన రీడు కదలడానికి క్షణం ఆలస్యమవుతుంది, ఆలోగా గట్టిగా పీలిస్తే బిగుసుకుపోతుంది. దవడ వదులు చేసి, పొట్టతో నిదానంగా, మామూలు శ్వాస పీల్చినట్టే పీల్చి చూడండి. వేగంగా సాగే జతులు దీని మీద వాయించాలని తొందరపడకండి, అవి ముద్దగా వినిపిస్తాయి.

గరగర విషయానికి వస్తే, పీల్చే రీడ్లు కింది పలక బయటివైపున, కవరుకు ఎదురుగా బిగించి ఉంటాయి. లో కీ రీడ్లు విశాలంగా ఊగుతాయి గనుక గట్టిగా పీలిస్తే కొన వెళ్లి కవరుకు తగులుతుంది. హోనర్ కంపెనీ తమ లో కీ వాద్యం థండర్‌బర్డ్‌కు కింది కవరును శంకువు ఆకారంలో ఉబ్బెత్తుగా చేసింది ఇందుకే. మెల్లగా పీల్చినప్పుడు కూడా గరగర వస్తే మాత్రం కవరు నొక్కుకుపోయి ఉండవచ్చు, లేదా రీడు పక్కన నలక ఇరుక్కుని ఉండవచ్చు. వారంటీ గడువు ఉండగా మరలు విప్పకుండా దుకాణానికే తీసుకువెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయి శ్రుతి ఐదున్నర. ఆమె పాటకు తోడుగా వాయించడానికి నాకూ లో కీ అవసరమా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అవసరం లేదు. ఐదున్నర శ్రుతి అంటే ఎ ఫ్లాట్. మామూలు ఎ ఫ్లాట్ వాద్యం మొదటి రంధ్రం ఊదితే 208 హెర్ట్జ్ దగ్గర పలికేది మీ అమ్మాయి మధ్య షడ్జమమే. మొదటి మూడు రంధ్రాలలో మధ్యమం, ధైవతం ఉండవు కాబట్టి పాటను నాలుగో రంధ్రం నుంచి వాయించండి, ఆమె గొంతుకు ఒక స్థాయి పైన వినిపిస్తుంది. లో కీ కోసం పెట్టదలచిన డబ్బుతో ఒక మంచి ఎ ఫ్లాట్ వాద్యం కొనండి.