రివర్బ్ కోసం అప్పా? ముందు మ్యూట్ నొక్కి వినండి

ప్రశ్న: ఇంట్లోనే పాటలు రికార్డు చేసి, మిక్స్ చేసి ఇస్తుంటాను. ఒక నెల డబ్బులు బాగానే వస్తాయి, తర్వాత రెండు నెలలు ఏమీ రాకపోవచ్చు. ఈమధ్య క్లయింట్లు గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉందంటున్నారు. పేరున్న రివర్బ్ ప్లగిన్ల (గొంతుకు గది మోత జోడించే సాఫ్ట్‌వేర్) బండిల్ ఒకటి సగం ధరకు దొరుకుతోంది, ఆఫర్ మూడు రోజులే. దాని ధర దాదాపు నా నెల ఖర్చంత. బ్యాంకులో ఉన్నదీ అంతే. అది కదపకుండా క్రెడిట్ కార్డు మీద ఏడాది వాయిదాల్లో కొననా? పర్సనల్ లోన్ మేలా?

జవాబు: రెండూ వద్దు. ఇంటి స్టూడియో నడిపేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. నాబ్ తిప్పితే పోయే సమస్యకు అప్పు చేస్తారు.

రెండు నెలలు ఆదాయం లేకపోవడం మీకు మామూలేనని మీరే రాశారు. చేతిలో ఉన్నది ఒక నెల ఖర్చు. దాన్ని అత్యవసర నిధి అనుకోవద్దు, అది వచ్చే నెల అద్దె. పైగా రాబడి రాని నెలలోనూ వాయిదా కట్టాల్సిందే. కట్టలేక కార్డు బాకీని కనీస చెల్లింపుతో నెట్టుకొస్తే, నెలకు 3 శాతం అనుకున్నా ఏడాదికి 36 కాదు, చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్న చోట ప్రాసెసింగ్ రుసుము ఎంతో, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు ఎంత పోతోందో చూడండి. వడ్డీ చాలాసార్లు అక్కడే దాక్కుంటుంది.

ఇక ఆ నూతి సంగతి. పాటలో ఉన్న రివర్బ్‌లన్నీ మ్యూట్ చేసి గొంతు ఒక్కటే వినండి. అప్పటికీ మోత వినిపిస్తే తప్పు గదిది. ఖాళీ గోడల మోత మైకులోకి దిగిపోయాక, చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించే కంప్రెసర్ దాన్ని ఇంకా పైకి లేపుతుంది, రివర్బ్ దానిమీద మరో గదిని కప్పుతుంది. ఎంత ఖరీదైన రివర్బ్ ప్లగిన్ అయినా ఆ మోతను తీయదు. పాడేవాళ్ల వెనక, పక్కల మందపాటి బొంతలు వేలాడదీసి, మైకుకు జానెడు దూరంలో పాడించి మళ్లీ రికార్డు చేయండి.

మ్యూట్ చేయగానే మోత పోయిందా? అయితే తప్పు వాడకంలో ఉంది. ప్రతి ట్రాక్ మీదా ఒక్కో రివర్బ్‌ను ఇన్సర్ట్‌గా (నేరుగా ఆ ట్రాక్ మీదే) పెట్టి, మిక్స్ నాబ్ 30, 40 శాతం దగ్గర ఉంచారేమో చూడండి. ఎనిమిది ట్రాకులు ఎనిమిది గదుల్లో మోగితే గొంతు వెనక్కి పోక ఏం చేస్తుంది? అవన్నీ తీసేయండి. ఒక బస్ (పలు ట్రాకుల శబ్దాన్ని పంపగలిగే ఉమ్మడి ఛానల్) తెరిచి దానిమీద ఒకే రివర్బ్ పెట్టి, వెట్ (మోత) 100, డ్రై (అసలు శబ్దం) 0 చేయండి. గొంతు నుంచి ఆ బస్‌కు పంపే పోస్ట్-ఫేడర్ సెండ్ (గొంతు వాల్యూమ్‌తో పాటే మారేది) మైనస్ 20 డీబీ (డెసిబెల్) దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. డికే (మోత ఆరిపోయే సమయం) 1.2 నుంచి 1.8 సెకన్లు చాలు, పాట వేగం పెరిగేకొద్దీ ఇంకా తగ్గించాలి. ప్రీ-డిలేకు (మాటకు, మోత మొదలవడానికి మధ్య విరామం) లెక్క ఉంది: 60,000ను టెంపోతో (నిమిషానికి బీట్లు) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 100 అయితే 600. అందులో 16వ వంతు, అంటే 37.5 పెట్టండి. మాట ముందు వినిపించి, తోక, అంటే దాని వెంట సాగే మోత, తర్వాత మొదలవుతుంది. ఇది సున్నా దగ్గరే వదిలేస్తే రివర్బ్ ఒత్తులను మింగేస్తుంది.

అదే బస్‌లో రివర్బ్‌కు ముందు ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీలు ఎంతుండాలో సర్దేది) పెట్టి 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. బురద చాలావరకు అక్కడే తేరుకుంటుంది. స, శ, ష దగ్గర బుస్సుమంటుంటే ఈక్యూకు ముందు ఆ బుస్సును తగ్గించే డీ-ఎస్సర్ ఒకటి వేయండి. చివరికి సెండ్ ఎంతుండాలంటే, పాట నడుస్తుండగా రివర్బ్ ఉందని తెలియకూడదు, మ్యూట్ చేస్తే మాత్రం ఏదో పోయిందనిపించాలి.

ఇందులో ఏదీ కొత్త ప్లగిన్ అడగదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లతోనే రివర్బ్‌లు వస్తాయి: లాజిక్‌లో స్పేస్ డిజైనర్, క్రోమావెర్బ్ ఉన్నాయి, రీపర్‌లో రియావెర్బ్ ఉంది. డ్రాగన్‌ఫ్లై ఉచితం, హాల్, రూమ్, ప్లేట్ (లోహపు రేకు మోత) రకాలను విడివిడిగా ఇస్తుంది. వల్హల్లా సూపర్‌మాసివ్ కూడా ఉచితమే కానీ అది పొడవాటి తోకలకు, గొంతు పక్కన సహజమైన గదికి కాదు. గొంతుకు ప్లేట్‌తో మొదలుపెట్టండి. ప్లేట్ ప్లగిన్లు చాలావరకు అనుకరించేది 1957లో వచ్చిన ఈఎమ్‌టీ 140 అనే రివర్బ్ యంత్రాన్ని. అది ఒకటికి రెండు మీటర్ల ఉక్కు రేకు, దానికున్న ముఖ్యమైన సర్దుబాటు డికే ఒక్కటే. మీ ఆఫర్‌లో నాబులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి!

నెలవారీ చందా ప్లగిన్ల జోలికైతే అసలు వెళ్లొద్దు. చందా ఆపిన రోజున పాత ప్రాజెక్టు తెరిస్తే ఆ రివర్బ్ ఉండదు. ఇప్పటికే వాడుతుంటే, పాట పూర్తయిన ప్రతిసారీ రివర్బ్ బస్‌ను విడిగా వేవ్ ఫైలుగా తీసి దాచండి.

ఇప్పుడు అసలు పని. అద్దె, తిండి, ప్రీమియంలు, ఉన్న వాయిదాలు, ఈ చందాలు అన్నీ కూడి నెల ఖర్చు తేల్చండి. నెలనెలా స్థిరమైన జీతం ఉన్నవాళ్లకు ఆరు నెలల నిధి చాలు. మీకు తొమ్మిది నెలలు కావాలి. డబ్బులొచ్చిన ప్రతి నెలా, ఖర్చుకు ముందే అందులో 30 శాతం వేరే ఖాతాకు పంపండి. ఆ ఖాతాకు కార్డు తీసుకోవద్దు. నిధిలో మూడు నెలల ఖర్చు వెంటనే తీసుకునేలా ఉండాలి, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచినా పర్వాలేదు. ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలే తీసుకోండి. షేర్లు, ఫండ్లు నిధి నిండాక చూద్దాం.

తొమ్మిది నెలలు నిండాక కూడా ఆ బండిల్ మీద మనసుంటే, ట్రయల్ వేసుకుని మీ పాత ప్లేట్‌తో పోల్చండి. డికే, ప్రీ-డిలే రెండింటికీ ఒకటే పెట్టి, శబ్దం స్థాయి సమానం చేయండి. ఒక్క డీబీ ఎక్కువున్నా బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. రెండు ఫైళ్ల పేర్లూ కనిపించకుండా ఇంకొకరిని ప్లే చేయమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు కొత్తదాన్ని గుర్తుపట్టి, అదే కావాలనిపిస్తే కొనుక్కోండి, నిధిని ముట్టకుండా, మొత్తం ఒకేసారి కట్టి.