వాటర్ పార్కుకి వెళ్లేటప్పుడు సంచి సాయంత్రం కోసం సర్దండి

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా, తొమ్మిదేళ్ల బాబు, రెండేళ్ల పాప, షుగర్ ఉన్న అత్తయ్యగారు, వేసవి సెలవుల్లో అందరూ కలిసి భువనేశ్వర్ దగ్గరి వండర్‌లాకి ఒక రోజు వెళ్తున్నాం, ఏమేం పట్టుకెళ్లాలి అని. మాది బరంపురం. 2024లో ఆ పార్కు తెరిచాక రెండుసార్లు వెళ్లాం. అంతకుముందు వేరే ఊళ్లో ఒక వాటర్ పార్కుకి వెళ్లినప్పుడు సంచి సరిగ్గా సర్దుకోక చాలా ఇబ్బంది పడ్డాం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అప్పుడు నేను సర్దిందంతా ఉదయం కోసమే. పులిహోర డబ్బా, చకోడీలు, పిల్లలకి ఫొటోల కోసం కొత్త బట్టలు, తలకి టోపీలు. సాయంత్రం నీళ్లలోంచి బయటికొచ్చాక చూస్తే పొడి బట్టలు ఒక్కొక్క జతే ఉన్నాయి, లోదుస్తులు అసలు లేవు, రెండు పెద్ద టర్కీ తువ్వాళ్లు పిల్లల్ని తుడిచేసరికే తడిసి ముద్దయ్యాయి. చిన్నాడు ఆ ఒక్క జత మీదే జ్యూస్ ఒలకబోసుకున్నాడు, మళ్లీ తడి నిక్కరే వేసి ఏసీ కారులో మూడు గంటలు తీసుకొచ్చాం. ఆ రాత్రే జ్వరం. పార్కులో ఉదయం పూట ఎవరికీ ఏమీ అక్కర్లేదండీ, పిల్లలు పరిగెడుతూనే ఉంటారు. ఇబ్బందంతా నాలుగు దాటాక, ఒళ్లు నాని, ఆకలేసి, చిన్నవాళ్లు ఏడుపు మొదలుపెట్టినప్పుడే. సంచి ఆ గంటల కోసం సర్దుకోవాలి.

ముందు బట్టల సంగతి. నీళ్ల రైడ్లకి నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలే వేసుకోవాలి, కాటన్‌తో దిగనివ్వరు. లోపల షాపులో కొనుక్కోవచ్చు, కానీ ఇంట్లోనే ఉంటే ఆ ఖర్చు ఎందుకు. మీ బాబుకి స్కూల్ స్పోర్ట్స్ రోజు వేసుకునే టీషర్టు, నిక్కరు పాలిస్టర్‌వే అయ్యుంటాయి, అవి సరిపోతాయి. మీకైతే పాలిస్టర్ లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు. చీరతో, వేలాడే చున్నీతో రైడ్లు ఎక్కకూడదు, అది నిజంగానే ప్రమాదం. జీన్స్ ఎవరూ వేసుకోకండి, తడిస్తే బరువు, సాయంత్రానికి కూడా ఆరవు. అత్తయ్యగారు నీళ్లలోకి దిగకపోయినా ఆవిడకి ఒక పాత సిల్కు రకం చీర అదనంగా పెట్టండి, పిల్లలు తడి ఒళ్లతో వచ్చి నాన్నమ్మ ఒళ్లోనే కూర్చుంటారు.

తువ్వాళ్లకి బదులు గామ్చాలు పట్టుకెళ్లండి. మన దగ్గర ప్రతి సంతలో దొరికే ఆ పల్చటి గళ్ల గామ్చా తలకి ఒకటి లెక్కన, పైన రెండు. నాలుగు మడతలు పెడితే అరచేతిలో ఇమిడిపోతుంది, పిండి కుర్చీ మీద వేస్తే అరగంటలో ఆరిపోతుంది, ఎండలో తలకి చుట్టుకోవచ్చు, పాపని పడుకోబెట్టి కప్పొచ్చు. రెండోసారి వెళ్లినప్పుడు ఇంటినుంచి తెచ్చినవాటిలో అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఇవే.

సంచులు రెండుగా విడదీయండి. ఒకటి లోపలికి, ఒకటి కారులోనే ఉండేది. కారు సంచిలో అందరికీ పూర్తి పొడి జత, లోదుస్తులతో సహా, మనిషికొక కవరులో విడివిడిగా పెట్టి పైన పేరు రాయండి. అందరివీ ఒకే సంచిలో కలిపి పెడితే ఆ సాయంత్రం వెతుకులాటలోనే సగం ఓపిక పోతుంది. తడి బట్టలకి మందపాటి ప్లాస్టిక్ కవర్లు రెండు, హవాయి చెప్పులు, దువ్వెన, కొబ్బరినూనె చిన్న సీసా. పిల్లలకి మాత్రం ఒక జత లోపలి సంచిలోనూ పెట్టండి, లాకరు అద్దెకి దొరుకుతుంది, అందులో ఉంచొచ్చు.

పాపకి డైపర్ల గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా. మామూలు డైపరుతో నీళ్లలోకి దింపితే అది నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోయి జారిపోతుంది. నీళ్లకోసం వేరే స్విమ్ డైపర్లు ఉంటాయి, మందుల షాపులో లేకపోతే ఆన్‌లైన్‌లో వారం ముందే తెప్పించుకోండి. అవి నీళ్లు పీల్చవు, కాబట్టి కారులో వాటితో కూర్చోబెట్టకండి, నీళ్లలోంచి రాగానే మార్చేయాలి.

అత్తయ్యగారి విషయం అన్నిటికంటే ముఖ్యం. ఆవిడ మాత్రలు వేసుకుంటారో, ఇన్సులినో మీరు రాయలేదు. మా మామయ్యగారికి ఇన్సులిన్. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను 30 డిగ్రీల లోపు ఉండాలి, మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో అది పాడైపోతుంది, అందుకని ఎట్టి పరిస్థితుల్లోనూ కారులో వదలకండి. ఐస్ మీద నేరుగా పెట్టినా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. మేం వెడల్పు మూతి ఫ్లాస్కులో చల్లటి నీళ్లు పోసి, పెన్నుని జిప్ కవర్లో పెట్టి అందులో ఉంచుతాం. ఇన్సులిన్ అయినా, మాత్రలైనా, రోజూ కంటే ఎక్కువ నడుస్తారు, పైగా భోజనం ఆలస్యం అవుతుంది, షుగర్ పడిపోయే అవకాశం ఉంటుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. ఆ పొడి, బిస్కెట్లు, వీలైతే షుగర్ చూసే మిషను, డాక్టర్ చీటీ అన్నీ ఆవిడ చేతి సంచిలోనే ఉండాలి, మీ సంచిలో కాదు, మీరు రైడు మీద ఉన్నప్పుడే అవసరం పడొచ్చు. వెళ్లేముందు ఆ రోజు మోతాదు గురించి డాక్టర్‌ని ఒక మాట అడగండి.

బయటి తిండి లోపలికి రానివ్వరు, చంటిపిల్లల ఆహారం, మందులు తప్ప. అందుకని ఇంటి తిండి దారికోసమే చేసుకోండి. చింతపండు పులిహోర బాగా చల్లారాక స్టీలు డబ్బాలో పెడితే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, పెరుగన్నం ఆ వేడికి పులిసిపోతుంది, వద్దు. గేటు దగ్గరికి వెళ్లాక కాదు, ఖుర్దా చేరకముందే అందరూ కడుపునిండా తినేయండి. రంభ, బాలుగాం మధ్య చిలికా కనిపించే చోట ఆగి తింటే పిల్లలకి అదొక సరదా. తిరుగు ప్రయాణానికి ఛుడా, అంటే అటుకులు, అరటిపళ్లు, ఒక నీళ్ల క్యాను కారులో ఉంచండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ తీసుకుంటే లీటరు నీళ్లకి మొత్తం ప్యాకెట్ కలపాలి, గ్లాసుకి కాస్త కాస్త వేయకండి, ఉప్పు పాళ్లు తప్పుతాయి. గ్లాసుకి సరిపడే చిన్న ప్యాకెట్లు వేరే ఉంటాయి, అవి కొనుక్కోవడం తేలిక.

బంగారం ఇంట్లోనే. గాజులు, పాప పట్టీలు, పెద్ద చెవిపోగులు అన్నీ తీసేయండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే ఆ రోజుకి పసుపుతాడు వేసుకుని బట్టల లోపలికి దోపుకోండి, నేను అలాగే చేశా. కళ్లద్దాలుంటే వెనకాల తాడు కట్టుకోవాలి. ఫోనుకి మెళ్లో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొని, ముందురోజు అందులో కాగితం ముక్క పెట్టి బకెట్లో ముంచి చూడండి. సన్‌స్క్రీన్ ఎండలోకి వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు రాయాలి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి.

ఇంకొకటి, మన సరిహద్దు ఊళ్లవాళ్లకి ప్రత్యేకంగా. మా చిన్నాడు నాలుగేళ్లప్పుడు ఆ మొదటి పార్కులో పది నిమిషాలు తప్పిపోయాడు. వాడికి వీధిలో ఒడియా బాగానే వచ్చు, కానీ భయం వేసేసరికి నోట్లోంచి తెలుగు తప్ప ఇంకేమీ రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఒడియాలో, హిందీలో అడుగుతుంటే అమ్మ, అమ్మ అని ఏడవడమే. అందుకని ఇప్పుడు మా ఫోను నంబరు పిల్లల ముంజేతి మీద పర్మనెంట్ మార్కరుతో రాస్తాం, ఒక చిన్న చీటీ మీద ఒడియాలో "ఇతను తెలుగు మాట్లాడతాడు, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని రాసి లామినేషన్ చేయించి జేబుకి పిన్నుతో గుచ్చుతాం. మీ అత్తయ్యగారికి ఒడియా రాకపోతే ఆవిడ సంచిలోనూ ఒకటి పెట్టండి. వాడు కనబడకపోయిన ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

పర్లాకిమిడి నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోకండి, పాపకీ పెద్దావిడకీ అది చాలా ఎక్కువ. ముందు రాత్రి బరంపురంలో చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండి తెల్లవారుజామున బయల్దేరండి. రైలైతే ఖుర్దా రోడ్‌లో దిగొచ్చు, బరంపురం నుంచి 150 కిలోమీటర్లు ఉంటుంది, కానీ అప్పుడు కారు సంచి అనేది ఉండదు, అంతా లాకర్లోకే, కాబట్టి ఇంకా తగ్గించి సర్దుకోవాలి.

అత్తయ్యగారికి అరవై దాటితే ఆధార్ మర్చిపోకండి, పెద్దవాళ్లకి టికెట్లో రాయితీ ఉంది. పిల్లలకి టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. ఈ రాత్రే ఇద్దరినీ గోడకి నిలబెట్టి కొలవండి. పాప 85 సెంటీమీటర్లు దాటకపోతే టికెట్ అక్కర్లేదు. బాబు 140 లేకపోతే పెద్ద రైడ్లు కొన్ని ఎక్కనివ్వరు, ఆ మాట వాడికి ఇంట్లోనే చెప్పేయండి, అక్కడ క్యూలో నిలబడ్డాక తెలిస్తే పాపం తట్టుకోలేడు.