ఫోన్‌లో మాట ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: మిర్యాలగూడలోని మా రైస్ మిల్లు ఆఫీసులో నాలుగు ఇంటర్నెట్ ఫోన్లు, సీసీ కెమెరాలు, కంప్యూటర్లు ఒకే ఫైబర్ కనెక్షన్‌పై నడుస్తున్నాయి. డౌన్‌లోడ్ సెకనుకు 50, అప్‌లోడ్ 5 మెగాబిట్లు. సాయంత్రం కెమెరా వీడియోలు, రోజువారీ లెక్కలు ఆన్‌లైన్‌లోకి ఎక్కుతున్నప్పుడు ఫోన్‌లో మాట తెగిపోయి, అవతలివారికి మేము చెప్పే ధర సరిగా వినిపించడం లేదు. ప్లాన్ పెంచుకోవడం తప్ప మార్గం లేదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ప్లాన్ పెంచడానికి తొందరపడవద్దు. మాటను డిజిటల్ రూపంలోకి మార్చడానికి సాధారణంగా వాడే జి.711 పద్ధతిలో ఒక్కో కాల్‌కు ఒక దిశలో సెకనుకు సుమారు 80 కిలోబిట్లు చాలు. నాలుగు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 320 కిలోబిట్లే అవుతుంది. మీ 5 మెగాబిట్లలో అది పదిహేనో వంతు మాత్రమే. కాబట్టి ఇది చోటు చాలకపోవడం కాదు, వరుసలో చిక్కుకోవడం.

ఫోన్ మన మాటను సెకనుకు 50 చిన్న ప్యాకెట్లుగా, అంటే డేటా పొట్లాలుగా పంపుతుంది. వీడియో అప్‌లోడ్ మాత్రం 1500 బైట్ల పెద్ద ప్యాకెట్లను ఆగకుండా కుమ్మరించి, దారిలోని పరికరంలో గుట్టగా పేరుస్తుంది. అటువంటివి నూరు ముందు నిలిచి ఉంటే, మీ లైనుపై అవి కదలడానికే 240 మిల్లీసెకన్లు పడుతుంది. కోతల కాలంలో మిల్లు గేటు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, వాటి వెనుక ఇరుక్కున్న మోటారు సైకిలు పరిస్థితి మీ మాటది. ఒక దిశలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచన. పైగా ఆలస్యం క్షణక్షణానికీ మారుతుంటే మాట ముక్కలవుతుంది. ఆలస్యంగా చేరిన ముక్కను మళ్లీ పంపినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే సంభాషణ అప్పటికే ముందుకు పోయి ఉంటుంది.

చాలా రౌటర్ల సెట్టింగులలో క్యూఓఎస్ అనే విభాగం ఉంటుంది; ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో నిర్ణయించేది అదే. అందులో మొదట అప్‌లోడ్ పరిమితిని 4.5 మెగాబిట్లకు తగ్గించండి. ఉన్న వేగాన్ని తగ్గించుకోవడం వింతగా తోచవచ్చు గాని, కీలకం ఇదే: అప్పుడు వరుస మీ చేతిలో లేని పరికరంలో కాక మీ రౌటర్‌లోనే ఏర్పడుతుంది, దాన్ని మీరే సర్దగలుగుతారు. తరువాత ఫోన్ల ప్యాకెట్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. మాట ప్యాకెట్లపై వేసే ప్రాధాన్య గుర్తు డీఎస్‌సీపీ 46. అయితే ఈ గుర్తును బయటి ఇంటర్నెట్‌లో పాటిస్తారని నమ్మడానికి లేదు, ఆఫీసు గడప వరకే దాని మీద ఆధారపడాలి. అన్నింటికీ ప్రాధాన్యం ఇస్తే ఎవరికీ ఇవ్వనట్టే కనుక కెమెరాలను ఆ జాబితాలో చేర్చవద్దు. వీలైతే ఫోన్లను వైఫై నుండి కేబుల్‌కు మార్చండి.

అప్‌లోడ్ నడుస్తుండగా ఒక కంప్యూటర్ నుండి పింగ్ కొట్టి (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని కొలిచి), సెట్టింగుకు ముందు, తరువాత వచ్చిన మిల్లీసెకన్లను పోల్చి చూడండి. సంఖ్య పెద్దగా పెరగకపోతే సర్దుబాటు కుదిరినట్టే. మీ రౌటర్‌లో ఈ సౌకర్యం లేకపోతే, కెమెరా వీడియోలు, లెక్కలు రాత్రి పదకొండు తరువాత ఎక్కేలా సమయం మార్చండి.