యోగా క్లాసు సరే, కుర్చీ ఉందా?

ప్రశ్న: తిరుపతిలో చిన్న ప్లేస్కూల్ నడుపుతున్నాను. పిల్లలు 48 మంది, టీచర్లు నలుగురు, ఆయాలు ఇద్దరు. ఏడాదిలో ముగ్గురు టీచర్లు మానేశారు. మొన్న ఒకమ్మాయి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చింది. అడిగితే ‘ఏం లేదు మేడం’ అంటోంది. స్టాఫ్‌కు యోగా క్లాసు పెట్టిద్దామనుకుంటున్నాను. ఉపయోగమేనా?

జవాబు: పెట్టించండమ్మా, తప్పేం లేదు. ఆదివారం పొద్దున మాత్రం పెట్టకండి, నాలుగో టీచర్ కూడా మానేస్తుంది.

నేను 19 ఏళ్ళు ఇదే పని చేశాను. నేను చేరిన మొదటి స్కూల్లో పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ ఒక్కటే, అదీ ఆఫీసు గదిలో. మేమంతా పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాళ్ళం. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే 20 మంది పిల్లల్ని ఎవరికి అప్పగించాలి? అందుకని నీళ్ళు తాగడమే మానేశాం. రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. దాన్ని అప్పట్లో ఓర్పు అనుకున్నా! మీ స్కూల్లో తలుపేసుకోగలిగిన చోటు ఆ బాత్రూమ్ ఒక్కటేనేమో చూడండి.

మోయలేని పని, దన్నుగా నిలిచేవాళ్ళు లేకపోవడం, నలుగురిలో అవమానం... వీటిని సైకోసోషల్ హజార్డ్స్ అంటారు, అంటే పనిచోట మనసును దెబ్బతీసే ప్రమాదాలు. తడి నేల మీద కాలు జారుతుందని ముందే చూసుకున్నట్టు, వీటినీ ముందే వెతికి సరిచేయమంటుంది 2021లో వచ్చిన ఐఎస్ఓ 45003 అనే అంతర్జాతీయ ప్రమాణం. పేరు పెద్దదే కానీ వెతకడం తేలిక. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి ‘రోజులో ఏ గంటంటే నీకు టెన్షన్?’ అని అడగండి.

నేను ఇన్‌చార్జి అయ్యాక అడిగితే అందరూ సాయంత్రమే అన్నారు. కొండమీద డ్యూటీ చేసేవాళ్ళు, ఆస్పత్రి షిఫ్టుల్లో ఉండేవాళ్ళు పిల్లల కోసం ఆలస్యంగా వస్తారు. పాపం, వాళ్ళనీ అనలేం. కానీ చంకలో నిద్రపోతున్న బిడ్డతో గేటు దగ్గర ఎదురుచూసే ఆయాకు ఇంట్లో తన బిడ్డ ఒంటరిగా ఉంటుంది. వారానికొకరికి వంతు వేసి, ఆ గంటకు వేరే డబ్బిచ్చాం. సణుగుడు ఆగింది.

ఇక వాట్సాప్ గ్రూపు. రాత్రి పదింటికి ‘మా వాడి చేతి మీద పంటిగాటు ఏంటి?’ అని అందరి ముందూ మెసేజ్. రెండేళ్ళ పిల్లలు కొరుక్కోవడం మామూలే, కానీ టీచర్‌కు ఆ రాత్రి నిద్రుండదు. గ్రూపులోంచి టీచర్ల నంబర్లు తీసేయండి. బిడ్డకు గాటు పడితే ఇంటికి వెళ్ళకముందే మీరే తల్లికి ఫోన్ చేయండి. ఆమె అరిస్తే ఆ అరుపులు మీరు పడండి, ఫీజు తీసుకునేది మీరే కదా.

వ్యాన్ డ్రైవరో ఇంకొకరో వెకిలిగా ప్రవర్తిస్తే? పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్నచోట పనిచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు మీ మీదైనా అక్కడికే. ఆ సంగతి, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉచిత నంబరు 14416 రాసి స్టాఫ్‌కు కనిపించేచోట అతికించండి.

ఆ అమ్మాయిని మళ్ళీ ‘ఏమైంది’ అని గుచ్చి అడగొద్దు. రేపు 11 గంటలకు ఆమె క్లాసులోకి వెళ్ళి మీరు కూర్చోండి, ఆ చిన్న కుర్చీలోనే. ‘పావుగంట నేను చూసుకుంటా, పోయి టీ తాగి రామ్మా’ అనండి.