పులి బాగుంది, వెనక డ్రమ్ము సంగతేంటి?

ఒరేయ్ నాన్నా,

నువ్వు పంపిన జూ ఫోటోలన్నీ చూశాను. "ఎలా ఉన్నాయి పెద్దమ్మా?" అని అడిగావు. అలా అడిగితే ఎవరైనా "సూపర్" అనే అంటారు, మొహమాటం మరి. ఇకమీదట వేరేలా అడుగు. ఫోటో చేతికిచ్చి, ఒక్క ముక్క కూడా వివరించకుండా, "నీ చూపు మొదట ఎక్కడికి పోయింది?" అను. పులి కళ్ల దగ్గరికి అంటే సరే. "ఆ నీలం డ్రమ్ము ఏంట్రా?" అన్నారంటే పని ఇంకా మిగిలుందన్నమాట.

నా చూపు డ్రమ్ము మీదికే పోయింది. పులి చెవిలోంచి పొడుచుకొచ్చినట్టు ఉంది. తీసేటప్పుడు నీకది కనపడి ఉండదు. ఎదురుగా పులి ఉంటే మిగతాదేదీ కంటికి ఆనదు. అందుకే షట్టర్ నొక్కే ముందు ఫ్రేము నాలుగు అంచులూ ఓసారి చూసుకో. ఒక్క అడుగు పక్కకి జరిగుంటే ఆ డ్రమ్ము పులి ఒంటి చాటుకి పోయేది. తోక కొస కూడా తెగింది. దగ్గరగా కావాలంటే ముఖం, భుజాల వరకే తీసుకో. మొత్తం కావాలంటే తోకతో, పాదాలతో సహా ఉండనివ్వు. కాస్త కొస మాత్రం తెగితే చూసుకోకుండా తీశాడనే అంటారు. అది కుడివైపు చూస్తోంటే ఖాళీ అంతా ఎడమవైపు వదిలావు. చూసే వైపు చోటివ్వాలి. ఇంకోటి, అన్నీ నిలబడే తీసినట్టున్నావు. దాని కంటి ఎత్తుకి దిగి తియ్యి, ప్యాంటుకి మట్టి అంటితే అంటనీ.

కంచె తీగల జాలీ అడ్డొస్తోందని విసుక్కున్నావు కదా. నీడ పడ్డ చోటు వెతుక్కో, ఎండ పడ్డ జాలీ మెరిసి ఫోటో అంతా తెల్లగా పొగ కమ్మినట్టు వస్తుంది. బారికేడ్ దాటకుండా లెన్సు ఎంత దగ్గరికి వెళ్తే అంత మంచిది. జూమ్ 200 మి.మీ. పైన, ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/4 గానీ ఇంకా వెడల్పుగా గానీ పెట్టి, జంతువు జాలీకి దూరంగా వెళ్లేదాకా ఆగు. అప్పుడు తీగలు దాదాపు కరిగిపోతాయి. అద్దం ఉన్నచోట నీడలు ప్రతిఫలించకుండా లెన్సు ముందు తొడిగే రబ్బరు హుడ్ అద్దానికి ఆనించు, ముదురు రంగు చొక్కా వేసుకో. ఫ్లాష్ జోలికి మాత్రం పోకు.

ఎలుగుబంటి బూడిద రంగులో వచ్చింది చూశావా? నలుపు ఎక్కువుంటే కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. ఫోటో వెలుతురు తగ్గించి పెంచే ఎక్స్‌పోజర్ సెట్టింగ్ మైనస్ 1 దగ్గర మొదలుపెట్టు. తెల్లపులికైతే ప్లస్ వైపు.

ఒకే దారిలో అటూ ఇటూ పచార్లు చేసే జంతువులుంటాయి. బందీగా ఉండి ఉండి అబ్బిన అలవాటది, చూస్తే మనసు చివుక్కుమంటుంది. అది ఎక్కడ మలుపు తిరుగుతుందో గమనించి, అక్కడ ఫోకస్ పెట్టుకుని ఆగు. ముఖం నీ వైపు వస్తుంది. ప్రతిసారీ కంచెని దాచేయడమే గొప్పనుకోకు. ఆ తీగలతో సహా తీస్తేనే నిజం చెప్పే ఫోటోలుంటాయి. జూలో తీసినదని రాయడానికి సిగ్గెందుకు? 2009లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో గేటు మీంచి దూకే తోడేలు ఫోటోకి మొదటి బహుమతి ఇచ్చి, అది మచ్చికైన తోడేలు అయ్యుంటుందని 2010లో వెనక్కి తీసుకున్నారు.

ఎవరేమన్నా నీ ఫోటోని వెనకేసుకు రాకు, విని రాసుకో. ముగ్గురికి చూపించు, ముగ్గురూ ఒకే చోట వేలు పెడితే దిద్దుకో. తలోమాటా అంటే నీ ఇష్టమే నడవనీ. తర్వాత కొత్త జంతువు దగ్గరికి పరిగెత్తకుండా అదే పులి దగ్గరికి వెళ్లు, పొద్దున్నే అయితే చురుగ్గా ఉంటుంది. ఈసారి నాకు యాభై పంపకు, రెండే పంపు. క్రాప్ చెయ్యకుండా, తీసినవి తీసినట్టే.

పెద్దమ్మ