చెరువుకు వారసులుంటారా?

సందేహం: మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ బైపీసీ చదువుతోంది. చెరువు పూడి మెల్లగా అడవిగా మారడాన్ని పుస్తకంలో 'అనుక్రమం' అన్నారు. తను రాసుకొచ్చిన నోట్సులో 'వారసత్వం' అని ఉంది. ఇంగ్లిష్ మాట 'సక్సెషన్' ఒకటే కదా, రెండూ ఒప్పేనా? ఆ మార్పులో చివరి దశను 'పరాకాష్ఠ' అంటారు కదా, దానికి 'కాష్ఠం'తో, అంటే కట్టెతో ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: 'అనుక్రమం' ఒక్కటే ఒప్పు. వారసత్వం అనాలంటే పోయినవారికీ వచ్చినవారికీ చుట్టరికం ఉండాలి. తాత పొలం మనవడికి వస్తే అది వారసత్వం. చెరువు సంగతి వేరు. మొదట నీళ్లలో తేలుతూ బతికే, కంటికి ఆనని ప్లవకాలు, తర్వాత నీళ్లలో మునిగి పెరిగే నాచు, అడుగున ఒండ్రు చేరి లోతు తగ్గాక తామర, కలువ. ఇంకా పూడితే అంచుల నుంచి జమ్ము, తుంగ. ఆపైన గడ్డి, పొదలు, చెట్లు. వీటికి ఒకదానితో ఒకదానికి బంధుత్వం లేదు. పైగా తామరాకులు పైన నీడ పరిచి కింది నాచుకు వెలుతురు అందకుండా చేస్తాయి. ఆ తామరే కుళ్లి మట్టిలో కలిసి జమ్ముకు నేల తయారుచేస్తుంది. తన గోతిని తానే తవ్వుకోవడమంటే ఇదే! 'అను' అంటే వెంట. ఒకటి వెంట ఒకటి వరసగా రావడం అనుక్రమం. పైగా తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడమనే పాఠంలో 'వారసత్వం' ఇప్పటికే వాడేశారు. ఒకే మాటకు రెండర్థాలంటే పరీక్షలో పిల్లలకు అనవసరపు టెన్షన్.

మన పల్లెల్లో ఈ మొత్తం మార్పుకు ఒక పేరు లేదు కానీ, ఒక్కో దశకు ఒక్కో క్రియ ఉంది. చెరువు పూడింది, జమ్ము కమ్మింది, బీడు పడింది, కంప లేచింది. అన్నిటినీ ఒక మూటగా కట్టే మాట శాస్త్రానికి కావాలి కనుక సంస్కృతం దగ్గరికి వెళ్లాం.

తిరుమల పుష్కరిణినే చూడండి. ఆ పేరుకు అర్థం తామరలున్న కొలను. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నీళ్లు తీసి శుభ్రం చేస్తారు కనుక, అక్కడ అనుక్రమం మళ్లీ మళ్లీ మొదటికొస్తుంది. కొండమీది వట్టి బండపై కథ ఇంకో రకం. అక్కడ ముందుగా పట్టేది లైకెన్. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఒక లైకెనే. పేరు పెట్టినవాళ్లకు పువ్వులా కనిపించింది కానీ, అది పువ్వు కాదు, శిలీంధ్రం (బూజు జాతి), శైవలం (పాచి జాతి) కలిసి చేసే కాపురం.

ఇక పరాకాష్ఠ. 1916లో క్లెమెంట్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, అనుక్రమం చివరికి నిలకడగా ఉండే ఒక సముదాయం దగ్గర ఆగుతుందన్నాడు. దాన్నే 'చరమ సముదాయం' అంటున్నాం. 'చరమ' అనగానే నాకు చావు కబురు గుర్తొస్తుంది, 'పరాకాష్ఠ' నయం. ఎక్కడ ఏ చెట్ల దగ్గర ఆగుతుందో ప్రధానంగా ఎండా వానా తేలుస్తాయి. శేషాచలంలో ఎక్కువగా ఆకురాల్చే అడవి కావడం అందుకే. వాతావరణాన్ని బట్టి ఏర్పడే ఇలాంటి పెద్ద విభాగమే బయోమ్. ఆ ఇంగ్లిష్ మాటను తెలుగులో అలాగే రాసినా నేను తప్పు పట్టను.

అడవి మాట కనుక కట్టె అనుకోవడం సహజమే. కానీ ఇక్కడున్నది 'కాష్ఠం' కాదు, 'కాష్ఠా', అంటే హద్దు. పరాకాష్ఠ అంటే చిట్టచివరి హద్దు. ఒత్తు మాత్రం మరవకండి: 'పరాకాష్ట' తప్పు.