పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే శిక్ష పడిపోతుందా?

పడదు, మామూలు క్రిమినల్ కేసుల్లో పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం, కింద సంతకం ఉన్నా సరే, నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోని ఈ నియమం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఒప్పుకోలు ఒక్కటే చాలంటే, ఆధారాలు వెతకడం కన్నా లాఠీ తీయడమే తేలిక. దెబ్బలకు తాళలేక చేయని నేరం నెత్తినేసుకునే వాళ్లూ ఉంటారు.

కస్టడీలో ఉన్న మనిషి ‘నేనే పొడిచాను, కత్తి బావిలో పడేశాను’ అన్నాడనుకోండి. ఆ మాటను బట్టి వెతికితే కత్తి దొరికింది. అప్పుడు కత్తి ఆచూకీ చెప్పిన ముక్క వరకే కోర్టు తీసుకుంటుంది, ‘నేనే పొడిచాను’ అన్నది పక్కకు పోతుంది. (ఆ ముక్క కోసమైనా కొట్టే ప్రమాదం ఉంది, ఈ నియమంలో బలహీనత అదే.)

ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టి ‘నేరం అంగీకరించాడు’ అనగానే కేసు తేలిపోయిందనుకుంటారు చాలామంది. అలా ఏమీ కాదు. ఒప్పుకోనక్కర్లేదని మేజిస్ట్రేట్ ముందుగా హెచ్చరించాక, ఆ మేజిస్ట్రేట్ ఎదుట ఇష్టపూర్వకంగా ఇచ్చిన వాంగ్మూలమైతే లెక్కలోకి వస్తుంది. అక్కడ నోరు విప్పనంటే, ఆ కారణంగా అతణ్ని మళ్లీ పోలీసు కస్టడీకి పంపడానికి వీల్లేదు.